14 పౌండ్ల బంతితో మణికట్టు లాగేస్తోంది, బరువు తగ్గించాలా?

ఆఫీసు వాళ్లతో సరదాగా మొదలెట్టిన బౌలింగ్ (క్రికెట్ కాదు, బంతి దొర్లించి పది పిన్నులు పడగొట్టే ఆట) ఇప్పుడు వారం వారం అలవాటైపోయింది. నా బరువు 72 కిలోలు, ఒంటి బరువులో పదో వంతు బంతి తీసుకోవాలని ఎవరో అంటే లెక్కేశా, దాదాపు 16 పౌండ్లు వచ్చింది. ధైర్యం చాలక 14 పట్టుకున్నా. మొదటి గేమ్ బాగానే ఉంటుంది, రెండోది సగానికి వచ్చేసరికి మణికట్టు లాగుతుంది, బంతి ఎడమకే పోతుంది (కుడిచేతి వాటం). పోనీ 10కి దిగితే ఇంకో తంటా, బొటనవేలు బంతి కన్నంలోంచి రాదు. ఒకసారి బంతితో పాటు నేనూ ఫౌల్ లైన్ (బంతి వదిలేటప్పుడు దాటకూడని గీత) దాటేశా. ఏది తీసుకోవాలి?

గట్టర్ రాజా: పదో వంతు లెక్కని మరీ పట్టుకు వేలాడకండి. రూల్ ప్రకారం 16 పౌండ్లు, అంటే 7.26 కిలోలు దాటకూడదు, మరి ఆ లెక్కన వంద కిలోల మనిషికి బంతే లేదు! సరే, బంతి పట్టుకున్నప్పుడు మీ గోళ్లు తెల్లబడుతున్నాయా? అయితే ముందు చూడాల్సింది కన్నాలు. వదులుగా ఉంటే ఎక్కడ జారిపోతుందోనని తెలియకుండానే పిండేస్తాం, మణికట్టు పోయేది అక్కడే, అలా పిండితే 12 కూడా బండరాయిలా ఉంటుంది. తేలిక బంతులు ఎక్కువగా పిల్లల చేతులకని పెడతారు కాబట్టి కన్నాలు చిన్నవి, అందుకే 10లో మీ వేలు ఇరుక్కుంది. ర్యాక్‌లో ఉన్న 12, 13 అన్నీ తీసి చూడండి, సిగ్గుపడొద్దు. బొటనవేలు మొత్తం దిగి, అంచుకి కాస్త రాసుకుంటూ బయటికి రావాలి, మధ్యవేలూ ఉంగరపు వేలూ రెండో కణుపు దాకా వెళ్లాలి.

స్పేర్ చాలు: పైన చెప్పింది కరెక్ట్. ఇంకోటి, చెయ్యి ఊయలలా బంతి బరువుకే ఊగాలి. బరువెక్కువైతే భుజం కిందికి వాలి, చేత్తో లాగి విసురుతాం, మీ బంతి ఎడమకి పోయేది బహుశా అందుకే.

ప్రశ్న అడిగినవారు: మరీ తేలికైతే పిన్నులు పడవంటారు కదా?

గట్టర్ రాజా: కొంత నిజమే. ఒక్కో పిన్ను కిలోన్నర పైనే ఉంటుంది, తేలిక బంతి హెడ్ పిన్‌కి (అన్నిటికన్నా ముందుండే 1వ పిన్ను) తగలగానే పక్కకి తప్పుకుంటుంది, మధ్యలో 5వ పిన్ను మిగిలిపోతుంది. కానీ 1వ పిన్నుకీ, దాని వెనక కుడివైపుండే 3వ పిన్నుకీ మధ్య సరిగ్గా తగిలించిన 12, గురి తప్పిన 14 కన్నా ఎన్నో రెట్లు నయం బ్రో. తర్వాత మీ చేతి కొలతకి కన్నాలు వేయించుకుని సొంత బంతి కొంటే అప్పుడు ఒకటో రెండో పౌండ్లు పెంచుకోవచ్చు.

ప్రశ్న అడిగినవారు: నిన్న 12ల ర్యాక్ అంతా తిరగేశా, ఏడో బంతికి వేలు కుదిరింది. మూడు గేములు ఆడా, మణికట్టు హాయిగా ఉంది. 5వ పిన్ను మాత్రం రెండుసార్లు నిలబడి వెక్కిరించింది.