ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ కోచ్ నార్వెల్‌ని ఎందుకు తీయట్లేదు? కాస్త చెప్పండి

అన్నలూ అక్కలూ, కాలేజ్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) ఫాలో అయ్యేవాళ్ళు ఎవరైనా ఉన్నారా ఇక్కడ? నేను ఈ యూనివర్సిటీ ఉన్న టల్లహాసీలో మాస్టర్స్ చేస్తున్నా, మనకి తెలిసింది క్రికెట్టే కదా, కానీ నా రూమ్మేట్స్ ఇద్దరూ అమెరికన్లే, కోచ్ మైక్ నార్వెల్ ఉండాలా పోవాలా అని ఒకటే గొడవ. 2023లో 13 మ్యాచ్‌లు వరసగా గెలిచాం, 2024లో 2-10 (రెండు గెలుపులు, పది ఓటములు), 2025లో మొదటి మ్యాచే అలబామా యూనివర్సిటీ టీమ్‌ని కొట్టి చివరికి 5-7తో సరిపెట్టారు, అయినా 2026కి కూడా ఆయనే అంటున్నారు. తీసేస్తే బయౌట్ (కాంట్రాక్ట్ మధ్యలో తీసేసినందుకు కోచ్‌కి ఇచ్చే డబ్బు) కింద 5 కోట్ల డాలర్ల పైనే ఇవ్వాలంట!! 2023లో టెక్సాస్ ఏ అండ్ ఎం యూనివర్సిటీ వాళ్ళు వాళ్ళ కోచ్ జింబో ఫిషర్‌కి 7.5 కోట్ల డాలర్ల పైనే ఇవ్వడానికి ఒప్పుకుని పంపించారు కదా, ఆ డబ్బు ఎవరు కడతారు, బూస్టర్లా (టీమ్‌కి విరాళాలిచ్చే అభిమానులు) లేక మన ఫీజుల్లోంచి కూడా పోతుందా?

ఇంకోటి, స్టేడియంలో జనం. మధ్యాహ్నం మ్యాచ్ అయితే అల్యూమినియం బెంచీ మీద కూర్చోలేం, పెనం లాగా కాలుతుంది, హాఫ్‌టైమ్‌కల్లా స్టూడెంట్ సెక్షన్ సగం ఖాళీ. కానీ వాళ్ళు చెప్పే అటెండెన్స్ మాత్రం బానే ఉంటుంది, అది అమ్మిన టికెట్ల లెక్కా లేక గేట్ దగ్గర స్కాన్ అయిన లెక్కా? ఒక రూమ్మేటేమో కోచ్ వల్లే జనం రావట్లేదంటాడు, రెండోవాడు ఎండ, టీవీ టైమింగులు, టికెట్ రేట్లే కారణం అంటాడు, నాకైతే రెండోవాడిదే కరెక్ట్ అనిపిస్తుంది. వేరే యూనివర్సిటీల్లో ఉన్నవాళ్ళు, మీ దగ్గర ఎలా ఉందో చెప్పండి ప్లీజ్.