‘క్వీ టామ్’ వాక్యమూ, ‘రిలేటర్’కు తెలుగు మాటా

న్యూజెర్సీ సభ్యుడు: అమెరికాలో ప్రభుత్వ సొమ్ము కాజేసిన వారిపై సామాన్యుడు వేసే దావాకు ‘క్వీ టామ్’ అనే పేరు తెచ్చిన లాటిన్ వాక్యంలో ‘ప్రో డొమినో రేజె’ వరకే నాకు గుర్తుంది. తరువాయి ఎవరికైనా జ్ఞాపకముందా? దావా వేసే ‘రిలేటర్’ను తెలుగులో ఏమనాలి? పత్రికలవారి ‘ప్రజావేగు’ నాకు రుచించడం లేదు.

గుంటూరు న్యాయవాది: తరువాయి ‘క్వామ్ ప్రో సే ఇప్సో ఇన్ హాక్ పార్టె సెక్విటుర్’. రాజుగారి కోసమూ తన కోసమూ దావా నడిపేవాడని భావం. అయితే ‘ప్రో’ను ‘తరఫున’ అని మాత్రం తెనిగించకండి.

హైదరాబాదు సభ్యురాలు: ప్రభుత్వానికి తప్పుడు బిల్లులు పెట్టేవారిపై చేసిన 1863 నాటి అమెరికా ఫాల్స్ క్లెయిమ్స్ చట్టం దావాను ప్రభుత్వం పేరిటే వేయమంటున్నప్పుడు ‘తరఫున’ ఎందుకు కూడదండీ?

గుంటూరు న్యాయవాది: వకాల్తా పుచ్చుకొన్నవాడు తరఫున వాదిస్తాడు; రిలేటర్‌కు సొత్తులోనే వాటా ఉంది. ప్రభుత్వం దావాలో చేరితే రాబట్టిన సొమ్ములో సాధారణంగా 15 నుంచి 25 శాతం, చేరకపోతే 25 నుంచి 30 శాతం అతనిది. ప్రభుత్వపు నష్టపరిహార హక్కులో కొంత అతనికి దఖలు పడినట్టేనని 2000లో వెర్మాంట్ ఏజెన్సీ కేసులో అమెరికా సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ స్కాలియా రాశారు.

డల్లాస్ సభ్యుడు: వాక్యంలో ‘ప్రో సే’ ఉన్నా, లాయరు లేకుండా రిలేటర్ ‘ప్రో సే’గా, అంటే తన వాదన తానే వినిపించుకొంటూ, దావా నడపడానికి వీల్లేదని అక్కడి పలు అప్పీలు కోర్టులు తేల్చాయి. నష్టపోయింది సర్కారు కనుక ఆ వ్యాజ్యం పూర్తిగా అతని సొంతం కాదట. మరి మీ ‘తన కోసం’ ఏమైనట్టు?

తెనాలి మాస్టారు: తిక్కన ఉండగా లాటిన్ దాకా ఎందుకు? ఉద్యోగపర్వంలో కృష్ణుడు కౌరవసభలో ‘దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు’ అంటాడు; దక్షులై ఉండీ ఊరుకున్నవారికే అది చేటని. ఇక్కడ దక్షుడంటే ఉత్త సమర్థుడు కాదు, అన్యాయం తన కళ్లెదుట జరుగుతుండగా అడ్డుకోగల చోట కూర్చున్నవాడు. చేయని పరీక్షకు అమెరికా సర్కారు ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌కు బిల్లు వెళ్లడం చూస్తున్న ఆసుపత్రి గుమాస్తా ఆ దక్షుడే. రిలేటర్‌ను ‘దక్షుడు’ అనండి.

హైదరాబాదు సభ్యురాలు: మాస్టారూ, కృష్ణుడు నిండు సభలో పలికాడు. రిలేటర్ ఫిర్యాదు కనీసం 60 రోజులు సీలులో, అంటే కోర్టు గోప్యంలో, ఉంటుంది, ప్రతివాదికి ప్రతి కూడా అందదు, పొడిగింపులతో ఏళ్లు గడుస్తాయి. మందుల కంపెనీ రాన్‌బాక్సీపై దాని మాజీ ఉద్యోగి దినేశ్ ఠాకూర్ 2007లో వేసిన దావా 2013లో ఆ సంస్థ 50 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకున్నాకే బయటికి వచ్చింది. ఇంత గుట్టుగా విన్నవించేవాణ్ణి ‘వేగు’ అంటే తప్పేమిటి?

గుంటూరు న్యాయవాది: వేగు రాజుగారి జీతగాడమ్మా. దావా శీర్షికలో కనిపించే ‘ఎక్స్ రెల్’ అంటే ఫలానావారు నివేదించిన మీదట అని అర్థం కనుక ‘నివేదకుడు’ చాలు.

డల్లాస్ సభ్యుడు: నివేదకుడంటే నాకు నైవేద్యం పెట్టే పూజారి కనబడుతున్నాడు.

తెనాలి మాస్టారు: జీతం మాట వచ్చింది కనుక చెబుతున్నాను. ఆ సభలో అడ్డుకోవలసిన భీష్మద్రోణులు కౌరవుల ఉప్పు తిన్నవారే. రిలేటర్లలోనూ చాలామంది ఆ కంపెనీ జీతగాళ్లే కనుక, కక్షతో ఉద్యోగం తీసేస్తే తిరిగి ఇవ్వాలనీ, వేతన బకాయి రెట్టింపు చెల్లించాలనీ చట్టం రాసుకొంది. భీష్ముడికి ఆ వెసులుబాటు లేదు. నా ఓటు ‘దక్షుడి’కే.

న్యూజెర్సీ సభ్యుడు: అందరికీ కృతజ్ఞతలు. ఇంతకీ ఆ మొదటి అక్షరాన్ని ‘క్వీ’ అనాలా, ‘కీ’ అనాలా? మా ఊరి లాయర్లు రెండూ అంటున్నారు.