30 శాతం ఛార్జింగ్ ఉండగానే ల్యాప్‌టాప్ ఆగిపోతోంది, బ్యాటరీ మార్చాలా?

ఒంగోలు కుర్రోడు:
అన్నలూ, ల్యాప్‌టాప్ కొని మూడేళ్లయింది. పొద్దస్తమానం ఛార్జర్ పెట్టే ఉంటుంది. కరెంటు పోతే గంటన్నర కూడా రావట్లేదు. పైగా 30 శాతం చూపిస్తూనే టక్కున ఆగిపోతోంది. బ్యాటరీ మార్చక తప్పదా?

కావలి వాసి:
ముందు లెక్క చూడు తమ్ముడూ. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ (ఆదేశాలు టైప్ చేసే విండో) తెరిచి ఇంగ్లిష్ అక్షరాల్లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఒక ఖాళీ వదిలి, స్లాష్ పెట్టి, దాన్ని ఆనుకునే బ్యాటరీరిపోర్ట్ అని ఒకే పదంగా కొట్టి, ఎంటర్ నొక్కు. ఫైల్ ఎక్కడ సేవ్ అయిందో అక్కడే చూపిస్తుంది. అందులో డిజైన్ కెపాసిటీ (కొత్తలో పట్టే ఛార్జ్), ఫుల్ ఛార్జ్ కెపాసిటీ (ఇప్పుడు పట్టేది) ఎంతున్నాయో ఇక్కడ పెట్టు.

ఒంగోలు కుర్రోడు:
డిజైన్ 42,000, ఫుల్ ఛార్జ్ 25,200 అన్నా.

కావలి వాసి:
అంటే 60 శాతమే మిగిలింది. పోయిన 40 ఏం చేసినా తిరిగి రాదు. ఎప్పుడూ 100లో ఉంచితే బ్యాటరీ లోపలి ఒక్కో సెల్ 4.2 వోల్టుల దగ్గరే నిలబడుతుంది. దానికి మన మే నెల వేడి, ప్రాసెసర్ వేడి తోడైతే సెల్ త్వరగా అరిగిపోతుంది.

30 దగ్గర ఆగడం మాత్రం వేరే సంగతి. ఛార్జింగ్ శాతం చూపించే మీటర్ లెక్క తప్పి ఉండొచ్చు, లేదా ఒక సెల్ బలహీనపడి, లోడ్ పడగానే వోల్టేజీ కూలిపోతుండొచ్చు. ఫుల్ ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, ఆగేదాకా మామూలుగా వాడు. పని ఎప్పటికప్పుడు సేవ్ చేసుకో. తర్వాత మధ్యలో తీయకుండా మళ్లీ 100 చెయ్. అయినా 30లోనే ఆగితే సెల్ పోయినట్టే, మార్చాల్సిందే. ఇది నెలనెలా చేసే పని కాదు, మీటర్ సరిచేయడానికి మాత్రమే.

పెన్నా గట్టు, నెల్లూరు:
కొత్తది వేస్తే మొదటి రోజే ఛార్జింగ్ 80 దగ్గర ఆగేలా పెట్టండి. లెనోవోకి వాంటేజ్ యాప్‌లో కన్జర్వేషన్ మోడ్, ఆసుస్‌కి మైఆసుస్ యాప్, డెల్, హెచ్‌పీ వాటిలో చాలావరకు బయోస్‌లోనే (ల్యాప్‌టాప్ ఆన్ అవుతుండగా తెరిచే సెట్టింగుల్లో) ఉంటుంది. పరుపు మీద పెట్టి వాడొద్దు, గాలి రంధ్రాలు మూసుకుపోతాయి. ఎండలో ఆపిన కారులో అసలే వదలొద్దు. నెల రోజులు వాడకపోతే సగం ఛార్జింగుతో ఆపేసి పెట్టండి.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ మోడల్ ఒక్కటే చెబితే చాలదు. పాత బ్యాటరీ మీది పార్ట్ నంబరు ఫొటో తీసి చూపించండి, వోల్టులు కూడా సరిపోవాలి. తయారీ తేదీ చూడండి, ఏళ్ల తరబడి షాపులో పడున్నది వద్దు.

కావలి వాసి:
ఇంకోటి. టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత ఉబ్బినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండొచ్చు, ఆ క్షణమే ఛార్జర్ తీసి ఆపేయాలి. నొక్కి మూత బిగించొద్దు, గుచ్చొద్దు, నిప్పంటుకోవచ్చు. పాత బ్యాటరీని చెత్తబండిలో వేయకుండా, బ్యాటరీ మార్చిన షాపులోనో ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకో ఇవ్వు.