ఐవీఎఫ్ (టెస్ట్‌ట్యూబ్ బేబీ) ప్యాకేజీ 1.6 లక్షలంటున్నారు, చివరికి ఎంతవుతుంది?

పలమనేరు_వాసి
తిరుపతిలో ఒక సెంటర్‌లో ప్యాకేజీ 1,60,000 చెప్పారు. మా ఆవిడకు 33 ఏళ్లు, ఏఎంహెచ్ (అండాల నిల్వ చెప్పే రక్తపరీక్ష) 1.4. కాగితంలో పికప్ (అండాలు బయటికి తీయడం), ఇక్సీ (అండంలోకి వీర్యకణాన్ని ఎక్కించడం), ట్రాన్స్‌ఫర్ (పిండాన్ని గర్భాశయంలో పెట్టడం) అని మాత్రమే ఉంది. అండాలు పెరగడానికి వేసే ఇంజెక్షన్లు విడిగా అట. లోను పెట్టాలా, చీటీ పాడుకుంటే సరిపోతుందా తేల్చుకోవాలి. మొత్తం ఎంత చేతిలో ఉంచుకోవాలి?

మందుల_షాపు
ఆ 'విడిగా' దగ్గరే ఉందన్నా అసలు ఖర్చు. ఇంజెక్షన్లకు ఎంతవుతుందని అడిగితే నోటికొచ్చిన అంకె చెప్తారు. ఏ మందు, రోజుకు ఎన్ని యూనిట్లు, వయల్ (మందు సీసా) ఎంత అని అడగండి. 300 యూనిట్లు రాస్తే 75 యూనిట్ల వయల్స్ రోజుకు 4, పది రోజులకు 40. వయల్ 1,500 అనుకున్నా 60,000. పన్నెండు రోజులు పట్టిందా, ఇంకో 8 వయల్స్. దీనిపైన, అండాలు ముందే విడుదల కాకుండా ఐదారో రోజు నుంచి సెట్రోరెలిక్స్ 0.25 మి.గ్రా., చివర్లో ట్రిగ్గర్ (అండాలను పక్వం చేసే ఇంజెక్షన్).

అండాలు పెంచే ఇంజెక్షన్లలో, మూత్రం నుంచి తీసే హెచ్‌ఎంజీ రకం చవక. ప్రసవాల లెక్కలో ల్యాబ్‌లో తయారుచేసే ఖరీదైన రికాంబినెంట్ రకంతో పెద్ద తేడా లేదు. మీకు సరిపడుతుందేమో డాక్టరునే అడగండి.

అన్నీ ఒకేసారి కొనొద్దు. స్కాన్ చూశాక డోసు మారుస్తారు, ఫ్రిజ్‌లో పెట్టే మందును ఏ షాపూ వెనక్కి తీసుకోదు. నాలుగు రోజులకు సరిపడా చాలు. 2-8 డిగ్రీల్లో ఉండాలని రాసున్నది పలమనేరు బస్సులో తీసుకెళ్లేటప్పుడు ఐస్ ప్యాక్‌కు ఆనించొద్దు, మధ్యలో గుడ్డ పెట్టండి. గడ్డకడితే ఆ మందు చెత్తబుట్టకే.

ల్యాబ్_పక్షి
ఆ కాగితంలో ట్రాన్స్‌ఫర్ అంటే ఫ్రెష్ (పికప్ అయిన కొద్ది రోజులకే పెట్టేది) ఒక్కటేనా? ఇది రాతలో తీసుకోండి. ఫాలికల్స్ (అండాలు పెరిగే సంచులు) ఎక్కువై ఓహెచ్‌ఎస్‌ఎస్ (అండాశయాలు వాచి ఒంట్లో నీరు చేరడం) భయం ఉన్నా, ట్రిగ్గర్ రోజుకే ప్రొజెస్టరాన్ (గర్భాశయ పొరను సిద్ధం చేసే హార్మోన్) పెరిగినా, గర్భాశయ పొర 7 మి.మీ. దాటకపోయినా ఎంబ్రియోలను (పిండాలను) ఫ్రీజ్ చేసి తర్వాతి నెలల్లో పెడతారు. అప్పుడు ఫ్రీజింగ్ ఛార్జి, ఏటా నిల్వ అద్దె, మళ్లీ మందులు, స్కాన్లు, రెండో ట్రాన్స్‌ఫర్ ఫీజు. నిల్వకు 2021 చట్టం పెట్టిన గడువు పదేళ్లు. అందుకే ఫ్రెష్‌కి ఒకటి, ఫ్రోజెన్‌కి ఒకటి, రెండు ఎస్టిమేట్లు అడగండి.

మధ్యలో ఆగినా ఖర్చే. ఫాలికల్స్ పెరగక సైకిల్ ఆపేస్తే, అండాలు రాకపోతే, ఫలదీకరణ జరక్కపోతే, ఐదో రోజు దాకా ఒక్క ఎంబ్రియో కూడా నిలవకపోతే ఎంత తిరిగిస్తారు? చాలాచోట్ల దీనికి జవాబు మాటల్లోనే ఉంటుంది, కాగితం మీద ఉండదు. మొదటి ప్రయత్నానికే పీజీటీ (ఎంబ్రియోకు జన్యు పరీక్ష), ఎంబ్రియో గ్లూ (ఎంబ్రియో అతుక్కోవడానికని వాడే ద్రవం), హ్యాచింగ్ (ఎంబ్రియో పైపొరకు రంధ్రం చేయడం) అంటూ జోడిస్తే, ఈ వయసుకు ఎందుకని నిలదీయండి.

చిత్తూరు_పాలసీ
మీ ఆరోగ్య బీమా పాలసీలో Excl17 అనే కోడ్ వెతకండి. వంధ్యత్వ చికిత్సకు డబ్బు రాదని దాని అర్థం. ఉద్యోగమిచ్చిన కంపెనీ గ్రూప్ పాలసీల్లో కొన్నింటికి మినహాయింపు ఉంటుంది, హెచ్‌ఆర్‌ని అడగండి.

ప్రయాణాలూ లెక్కేయండి. స్కాన్లకే నాలుగైదు సార్లు రావాలి. ట్రిగ్గర్ వేసిన 36 గంటలకు పికప్, ఆ టైము తప్పకూడదు కాబట్టి ముందురోజే తిరుపతిలో దిగాలి. బ్రహ్మోత్సవాల్లో పడిందంటే రూము రేట్లు మీకే తెలుసు.

పలమనేరు_వాసి
పాజిటివ్ వస్తే అక్కడితో అయిపోయినట్టేనా?

మందుల_షాపు
లేదన్నా. ప్రొజెస్టరాన్ సాధారణంగా 10-12 వారాలదాకా వాడిస్తారు. ఇంజెక్షనా, జెల్లా, మాత్రలా అన్నదాన్నిబట్టి నెల బిల్లు బాగా మారుతుంది. అదీ ఎస్టిమేట్‌లో రాయించుకోండి.