ఎత్తు 168 సెం.మీ., బరువు 84 కేజీలు: కార్వింగ్‌కి 151 స్నోబోర్డు తీసుకోవాలా, 159 తీసుకోవాలా?

వాసు_ఉప్పల్:
అందరికీ నమస్తే. నేను గుల్‌మార్గ్‌లో అద్దె బోర్డుల మీద స్నోబోర్డింగ్ నేర్చుకున్నాను. రెండు అంచుల మీదా టర్నులు కలపగలను, పడిపోకుండా కిందికి దిగగలను. ఇప్పుడు కార్వింగ్ నేర్చుకోవాలని పట్టుదలగా ఉంది. మంచుని గీకుతూ పక్కకి జారే టర్ను కాదు, బోర్డు పూర్తిగా అంచు మీద నిలబడి, వెనక పెన్సిల్‌తో గీసినట్టు ఒక్క సన్నని గీత వదిలే టర్ను. పొద్దున్నే మంచు గట్టిగా ఉన్నప్పుడు ప్రయత్నిస్తే నా కింద బోర్డు ప్రతిసారీ జారిపోతోంది.

మా బావ సంక్రాంతికి డెన్వర్ నుంచి వస్తున్నాడు, ఒక బోర్డు తెస్తానన్నాడు. తెలిసినవాళ్ల దగ్గర సెకండ్ హ్యాండ్ 151 సెం.మీ. బోర్డు ఉంది, సైడ్‌కట్ (పక్క అంచు లోపలికి వంగిన వంపు వ్యాసార్థం) 7 మీటర్లు. అక్కడి షాపులో డిస్కౌంట్‌లో 159 ఉంది, నడుము (బోర్డు మధ్యలో సన్నగా ఉండే చోటు) వెడల్పు 25 సెం.మీ., సైడ్‌కట్ 8 మీటర్లు. "బోర్డు నిలబెడితే గడ్డానికీ ముక్కుకీ మధ్య రావాలి, నీకు 151 సరిగ్గా సరిపోతుంది" అంటున్నాడు బావ. ఆదివారంలోపు చెప్పాలి. ఇక్కడ హైదరాబాద్‌లో చేత్తో పట్టుకుని చూద్దామన్నా నాకు ఎక్కడా దొరకలేదు, అందుకే అడుగుతున్నాను.

కిరణ్_మణికొండ:
అన్నా, 151 తీసుకో. చిన్న బోర్డు తిప్పడం తేలిక, మోసుకెళ్లడం తేలిక. 159 అంటే నీ ఎత్తుకి చాలా పెద్దది, కాళ్లు నొప్పులు పుడతాయి.

సుధ_సైనిక్‌పురి:
వాసు గారూ, తొందరపడి 151కి సరే అనకండి. నాన్నగారికి కశ్మీర్‌లో పోస్టింగ్ ఉన్నప్పుడు నేను మంచు మీద నిలబడటం నేర్చుకున్నాను. అప్పటి నుంచి ఈ గడ్డం లెక్క వింటూనే ఉన్నాను. దాంతో ఎంతమంది సరిపడని బోర్డు కొనుక్కున్నారో చూశాను, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

మీ ఎత్తు ఎంతో బోర్డుకి తెలియదు. దానికి తెలిసేది మీ బరువే. మీరు అంచు మీద వాలినప్పుడు ఆ బరువుకి బోర్డు విల్లులా వంగాలి, వంగిన అంచు మొత్తం మంచుని పట్టుకోవాలి. 84 కేజీల మనిషి 60 కేజీల వాళ్ల కోసం చేసిన బోర్డు ఎక్కితే అది అవసరానికి మించి వంగిపోతుంది, గట్టి మంచు మీద అదురుతుంది, అంచు వదిలేస్తుంది. మీ కింద బోర్డు జారిపోవడానికి ఇది ఒక కారణం కావచ్చు. అద్దె బోర్డుల అంచులు మొద్దుబారి ఉండటం ఇంకో కారణం. ప్రతి మోడల్‌కీ కంపెనీ బరువుల పట్టిక ఇస్తుంది, ముందు అది చూడమనండి. మీ బరువుకి మామూలుగా 157 నుంచి 162 మధ్య వస్తుంది.

బోర్డు మీద రాసి ఉన్న పొడవు కూడా పూర్తి నిజం చెప్పదు. ముక్కూ తోకా పైకి లేచి ఉంటాయి కదా, ఆ భాగం గట్టి మంచుని తాకదు. తాకే అంచు పొడవుని ఎఫెక్టివ్ ఎడ్జ్ అంటారు, కార్వింగ్‌కి పట్టు దాని నుంచే వస్తుంది. ముక్కు దగ్గర ఎక్కువ రాకర్ (పైకి లేచే వంపు) ఉన్న 159 కన్నా, పాదాల కింద క్యాంబర్ (మధ్యభాగం మంచు మీంచి కాస్త పైకి లేచి ఉండే విల్లు వంపు) ఉండి ఎఫెక్టివ్ ఎడ్జ్ ఎక్కువున్న 156 గట్టిగా పట్టుకోవచ్చు. కాబట్టి రెండు బోర్డులకీ ఆ అంకె అడగండి.

అన్నిటికన్నా ముఖ్యమైంది మీరు రాయలేదు. మీ పాదం ఎంత? ఒక కాగితం గోడకి ఆనించి, మడమ గోడకి తగిలేలా నిలబడి, పొడవైన వేలు దగ్గర గీత పెట్టి కొలవండి. బూట్లు సొంతవైతే వాటి అడుగు పొడవు కూడా చెప్పండి. బూట్లని బోర్డుకి పట్టి ఉంచే బైండింగులు ఏ కోణంలో పెడుతున్నారు?

వాసు_ఉప్పల్:
సుధ గారూ, చాలా థాంక్స్. ఇప్పుడే కొలిచాను. పాదం 27.5 సెం.మీ. బూట్లు సొంతవే, అడుగు సరిగ్గా 30 సెం.మీ. ముందు కాలు 15 డిగ్రీలు, వెనక కాలు బయటికి 9 డిగ్రీలు. అద్దె షాపులో అలాగే పెట్టి ఇచ్చారు, నేను మార్చలేదు. వెడల్పుకి కార్వింగ్‌తో సంబంధం ఉంటుందని నాకెవరూ చెప్పలేదు.

సుధ_సైనిక్‌పురి:
చాలా సంబంధం ఉంది. మీ కొలతలు వచ్చాక చెబుతున్నాను, 159 పొడవు మీకు బాగుంది, దాని వెడల్పే చాలదు.

నడుము 25 అంటే బైండింగుల దగ్గర బోర్డు కాస్త వెడల్పుగా ఉంటుంది, 25.8 అనుకుందాం. మీ వెనక కాలు దాదాపు అడ్డంగా ఉంది కాబట్టి 30 సెం.మీ. బూట్ బోర్డు అడ్డంలో 29.6 ఆక్రమిస్తుంది. అంటే బూట్‌ని సరిగ్గా మధ్యలో పెట్టినా వేళ్ల వైపు 1.9, మడమ వైపు 1.9 బయటికి పొడుచుకొస్తాయి. బూట్ అడుగు బోర్డు కింది అంచు కన్నా మూడు సెంటీమీటర్ల ఎత్తులో ఉందనుకుంటే, బోర్డు 58 డిగ్రీలు వాలేసరికి బూట్ మంచుకి తగులుతుంది. నిజానికి అంచు మంచులో కొంత దిగుతుంది, కాబట్టి ఇంకా ముందే తగులుతుంది. బూట్ తగలగానే అది మీటలా పనిచేసి అంచుని మంచులోంచి పైకి లేపేస్తుంది. మనిషి ఒక్కసారిగా తుంటి మీద పడతాడు. చాలామంది దాన్ని తమ టెక్నిక్ లోపం అనుకుని బాధపడతారు.

అదే మోడల్‌లో వైడ్ ఉందేమో అడగండి. నడుము 26 పైన ఉండాలి, 26.2 అయితే హాయిగా ఉంటుంది. వెనక కాలిని కూడా ముందుకి తిప్పండి. ముందు 33, వెనక 18తో మొదలుపెట్టి మోకాళ్లకి ఎలా ఉందో చూసి మార్చుకోండి. అప్పుడు ఆ వైడ్ బోర్డు మీద వెనక బూట్ ఒక్కో వైపు ముప్పావు సెంటీమీటరే బయటికొస్తుంది, 75 డిగ్రీల దాకా తగలదు. రెండు కాళ్లూ ముందుకే చూస్తుంటే తుంటి కూడా తేలిగ్గా తిరుగుతుంది.

ఫిజిక్స్_మాస్టారు_దిల్‌సుఖ్‌నగర్:
నేను బోర్డు ఎక్కినవాణ్ణి కాదు, పిల్లలకి వృత్తాకార చలనం చెబుతాను. సుధ గారి లెక్క చదివాక ఒక మాట కలపాలనిపించింది.

జారకుండా కార్వ్ చేసేటప్పుడు టర్ను వ్యాసార్థం సైడ్‌కట్ వ్యాసార్థం కన్నా తక్కువ, వాలు కోణం పెరిగేకొద్దీ ఇంకా తగ్గుతుంది. 60 డిగ్రీలు వాలితే 8 మీటర్లది 4 అవుతుంది. కొండ వాలుని పక్కన పెట్టి లెక్కేస్తే, వేగం వర్గాన్ని 9.8తోనూ సైడ్‌కట్‌తోనూ భాగించగా వచ్చేది వాలు కోణం సైన్ విలువ. గంటకి 25 కిలోమీటర్ల వేగంలో 7 మీటర్ల బోర్డుకి 45 డిగ్రీలు వాలాలి, 8 మీటర్ల బోర్డుకి 38 చాలు. సైన్ ఒకటి దాటదు కాబట్టి 7 మీటర్ల బోర్డు 30 కిలోమీటర్ల దగ్గర, 8 మీటర్లది 32 దగ్గర జారక తప్పదు. ఇప్పుడు 58 డిగ్రీల సంగతి చూడండి. 8 మీటర్ల బోర్డు మీద 30 కిలోమీటర్ల వేగానికి 62 డిగ్రీలు కావాలి. అంటే ఆ వేగం రాకముందే బూట్ తగులుతుంది.

కిరణ్_మణికొండ:
వెడల్పు పెరిగితే పొడవు తగ్గించుకోవచ్చు కదా? ఇప్పుడు పొట్టిగా, వెడల్పుగా ఉండే బోర్డులు చాలా వస్తున్నాయి, మామూలు సైజు కన్నా నాలుగైదు సెంటీమీటర్లు తగ్గించి తీసుకోమంటున్నారు. వాసు అన్న వెడల్పుగా ఉన్న 154 తీసుకుంటే సరిపోదా?

సుధ_సైనిక్‌పురి:
మంచి ప్రశ్న కిరణ్. ఆ లెక్క మెత్తటి మంచుకి బాగా కుదురుతుంది. అక్కడ బోర్డు తేలాలి, తేలడానికి మొత్తం వైశాల్యం కావాలి, అది పొడవు నుంచి వచ్చినా వెడల్పు నుంచి వచ్చినా ఒకటే. గట్టి మంచు మీద వైశాల్యంతో పనిలేదు, పట్టుకునేది అంచే. వెడల్పు పెరిగినంత మాత్రాన అంచు పొడవు పెరగదు. ఎఫెక్టివ్ ఎడ్జ్ బాగా ఉన్న 155, 156 వైడ్ దొరికితే నేను కాదనను. 151 మాత్రం వద్దు.

వెడల్పుకి ఒక ఖరీదు ఉందని కూడా చెప్పాలి. ఒక అంచు నుంచి ఇంకో అంచుకి మారడం కాస్త నెమ్మదిస్తుంది. అందుకే అవసరానికి మించి 27, 28కి వెళ్లొద్దంటాను.

కార్వింగ్‌కి మెషీన్‌తో చదును చేసిన వాలు కావాలి. గుల్‌మార్గ్‌కి పేరొచ్చిందే అఫర్వత్ కొండ పైనుంచి దిగే మెత్తటి మంచు వల్ల, అక్కడ చదును చేసిన వాలు తక్కువ. గొండోలా (కేబుల్ కారు) మొదటి దశ కొంగ్‌డూరి చుట్టుపక్కల పొద్దున్నే సాధన చేయండి. ఎప్పుడైనా వీలైతే జార్జియాలోని గుడౌరి వెళ్లండి, పొడవైన చదును వాలులున్నాయి. ఎక్కడైనా తక్కువ ఏటవాలున్న చోటే మొదలుపెట్టండి, వెనక కాలితో బోర్డుని తోయకుండా అంచు తనంతట తాను తిప్పేదాకా ఆగండి.

వాసు_ఉప్పల్:
బావతో మాట్లాడాను. అదే మోడల్‌లో 158 వైడ్ ఉందట, నడుము 26.2, పాదాల కింద క్యాంబర్. బరువు పట్టికలో 84 దాదాపు మధ్యలో ఉంది. అదే తెమ్మన్నాను, డిస్కౌంట్ తక్కువైనా పర్లేదు. బైండింగులు నాకు ఇక్కడ ఒక స్నేహితుడు ఇస్తానన్నాడు. ఏదైనా చూసుకోవాలా?

సుధ_సైనిక్‌పురి:
చాలా సంతోషం వాసు గారూ! బోర్డు మీద స్క్రూ రంధ్రాలు ఎలా ఉన్నాయో బావగారిని ఫొటో పంపమనండి. బర్టన్ బోర్డుల్లో చాలావాటికి రంధ్రాల బదులు పొడవాటి గాడి ఉంటుంది, మిగతావాటికి ఎక్కువగా నాలుగేసి రంధ్రాల వరసలుంటాయి. మీ స్నేహితుడి బైండింగుల మధ్య డిస్క్ దానికి సరిపోవాలి. బోర్డు ఇంటికి రాగానే హాల్లో పాత దుప్పటి పరిచి, బైండింగులు బిగించి, బూట్లు అందులో పెట్టి, బోర్డుని ఒక అంచు మీదికి వంచి చూడండి. బూట్ నేలకి ఎక్కడ తగులుతుందో కళ్లకే కనిపిస్తుంది. వేళ్ల వైపు, మడమ వైపు సమానంగా వచ్చేదాకా బైండింగ్‌ని ముందుకీ వెనక్కీ జరుపుకోండి. ఒక వైపు ముందే తగులుతుంటే ఫొటో ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.