ఫైబరు తెగినప్పుడల్లా రౌటర్ అడ్రస్ కలవట్లేదని అలారం, ఏటి చెయ్యాలి?

పర్లాకిమిడి కేబుల్:
అన్నలూ, మాది చిన్న కేబుల్ నెట్. కాశీనగర్ వైపు ఒక మైక్రోటిక్ రౌటర్ ఉంది. దానికి ఫైబరు లైను, అది పోతే రేడియో లింకు, రెండిటి మీదా ఓఎస్‌పీఎఫ్ (ఒక దారి పోతే రెండో దారికి మళ్లించేది). రౌటర్లని గమనించే జాబిక్స్ సాఫ్ట్‌వేర్‌లో రౌటర్‌ని ఫైబరు పోర్టు అడ్రస్‌తో, 10.20.1.2 అని పెట్టాను. రోడ్డు పనికొచ్చిన జేసీబీ ఫైబరు తెంపిందంటే చాలు, ట్రాపులు (రౌటర్ తనంతట తాను పంపే హెచ్చరికలు) 10.20.2.2 నుంచి వస్తాయి. జాబిక్స్ లాగ్‌లో 'అన్‌మ్యాచ్డ్ ట్రాప్', అంటే ఏ రౌటర్‌దో తేలని ట్రాప్ అని పడుతుంది, నా స్క్రిప్టు ఫోన్ మోగిస్తుంది. మొన్న రాత్రి 2 గంటలకి వానలో బండేసుకుని వెళ్లాను. పెట్టె తీసి చూస్తే ఫైబరు దీపం ఒక్కటే ఆరింది, మిగతావన్నీ పచ్చగానే ఉన్నాయి. ఎవరైనా మన నెట్‌లోకి వేరే రౌటర్ దూర్చారా అని భయంగా ఉంది.

బరంపురం నుంచి:
10.20.2.2 మీ రేడియో పోర్టుదేనేమో లాగిన్ అయి చూడండి. అదే అయితే భయం లేదు. జాబిక్స్‌లో ఆ అడ్రస్ కూడా అదే హోస్ట్‌కి (ఆ రౌటర్ పేరుతో ఉన్న ఎంట్రీకి) కలిపెయ్యండి.

రాయగడ నుంచి:
తమ్ముడూ, రెండో అడ్రస్ కలిపితే ట్రాప్ ఐటమ్ (ట్రాపుల్ని అందుకునే సెట్టింగు) కూడా రెండోసారి పెట్టుకోవాలి, ఐటమ్ ఒక్క ఇంటర్‌ఫేస్‌కే, అంటే ఒక్క అడ్రస్‌కే కట్టుబడి ఉంటుంది. రేపు మూడో లింకు వేస్తే మళ్లీ అదే తంటా. అసలు కారణం ఇది: ట్రాప్ ఏ పోర్టులోంచి బయటికి పోతే ఆ పోర్టు అడ్రస్సే దాని మీద పడుతుంది. జాబిక్సేమో ఆ అడ్రస్ చూసే హోస్ట్‌ని పోలుస్తుంది. కాబట్టి పోర్టులతో పని లేని అడ్రస్ ఒకటి కావాలి. రౌటర్‌లో పోర్టులేవీ లేని ఖాళీ బ్రిడ్జ్ (సాఫ్ట్‌వేర్‌లో చేసే ఉత్తుత్తి ఇంటర్‌ఫేస్) చేసి, దానికి /32 అడ్రస్, అంటే ఒంటరి అడ్రస్ ఇవ్వు. మైక్రోటిక్ రౌటర్‌ఓఎస్ 7లో ఎస్‌ఎన్‌ఎంపీ (ట్రాపులు పంపే పద్ధతి) కింద సోర్స్ అడ్రస్ అని ఉంటుంది, అక్కడ అదే పెట్టు. సిస్కో రౌటర్లలో అయితే ట్రాప్-సోర్స్‌గా లూప్‌బ్యాక్ (ఇలాంటి ఉత్తుత్తి ఇంటర్‌ఫేసే) పెట్టాలి. జాబిక్స్ హోస్ట్‌లోనూ అదే అడ్రస్. అలారం మాత్రం ఆపకు, తెలియని అడ్రస్ నుంచి ట్రాప్ వస్తే చెప్పేది అదే.

పర్లాకిమిడి కేబుల్:
అన్నా, 10.20.2.2 మన రేడియో పోర్టుదే. నువ్వు చెప్పినట్టే 10.20.255.2 ఇచ్చాను. మొదట జాబిక్స్ నుంచి పింగే అందలేదు, అరగంట తల పట్టుకున్నాను. ఓఎస్‌పీఎఫ్ ఇంటర్‌ఫేస్ టెంప్లేట్‌లో (ఏ అడ్రసులు మిగతా రౌటర్లకి తెలియాలో రాసే చోట) ఆ అడ్రస్ కలపలేదు. కలిపాక అందింది. మా కుర్రాడు ఫైబరు ప్యాచ్ కార్డు పీకి చూశాడు. లైను రేడియో మీదకి మారింది, ట్రాపు కొత్త అడ్రస్ నుంచే వచ్చి హోస్ట్ పేరు మీదే పడింది. ఇంకా నాలుగు రౌటర్లున్నాయి, ఈ ఆదివారం వాటికీ చేసేస్తాను.