అప్‌డేట్: బ్రేక్ పెడల్ మెత్తబడిన సమస్య తేలింది

పాత కారులో సిగ్నల్ దగ్గర బ్రేక్ తొక్కి పట్టుకుంటే పెడల్ మెల్లగా కిందికి దిగిపోతోందని అడిగాను కదా. ఎక్కడా లీక్ లేదు, బ్రేక్ ఆయిల్ కూడా తగ్గడం లేదు. చాలామంది బ్రేక్ పైపుల్లో గాలి చేరిందన్నారు. నాలుగు చక్రాలకూ బ్లీడింగ్ (పైపుల్లోని గాలిని ఆయిల్‌తో పాటు బయటికి తీసేయడం) చేశాం, ఏ మార్పూ లేదు.

మీలో ఒకరు చెప్పిన తేడా పట్టించింది. గాలి ఉంటే పెడల్ స్పాంజిలా ఉంటుంది, రెండు మూడుసార్లు తొక్కితే గట్టిపడుతుంది. నాది గట్టిగానే ఉండి, ఒకే ఒత్తిడితో పట్టుకున్నా దిగిపోయేది. అంటే మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే ఆయిల్‌ను చక్రాల వైపు నెట్టే భాగం) లోపలి రబ్బరు సీళ్లు అరిగి, ఆయిల్ లోపలే వెనక్కి జారిపోతోందన్నమాట. బయట చుక్క పడదు కాబట్టే ఇన్నాళ్లు తిరిగాను! కొత్త సిలిండర్ వేశాం, బిగించే ముందే దానిలోని గాలి తీసేశాం. పెడల్ ఇప్పుడు నిలబడుతోంది.

కథ అక్కడితో అయిపోలేదు. మర్నాడు ముందు కుడి చక్రం వేడెక్కింది, బ్రేక్ వదిలినా పట్టేసే ఉంది. జాకీ మీద లేపి కాలిపర్ (బ్రేక్ ప్యాడ్‌లను డిస్క్‌కు నొక్కే భాగం) మీది బ్లీడ్ నిపుల్, అంటే ఆయిల్ బయటికి వదిలే చిన్న స్క్రూ, కాస్త వదులు చేస్తే ఆయిల్ చిమ్మి చక్రం తేలిగ్గా తిరిగింది. అంటే ఆయిల్ ఒత్తిడి అక్కడే చిక్కుకుపోయింది; కాలిపర్ పిస్టన్ బిగుసుకుని ఉంటే అలా వదలదు. మిగతా చక్రాలు మామూలుగానే తిరగడంతో ఆ చక్రానికి ఆయిల్ తీసుకెళ్లే రబ్బరు హోస్ (గొట్టం) మీదే అనుమానం. పైకి బాగానే ఉంది, లోపల ఉబ్బి దారి మూసుకుపోయింది. ముందు హోస్‌లు రెండూ మార్చాను, డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తగా నింపాను.

వారం అయింది, టెన్షన్ లేదు.